పోటు మీద పడే నింద: చెన్నై వాన నీళ్ళను సముద్రం ఎందుకు తీసుకోదు?

సంక్షిప్తంగా: చెన్నైలో ఆటుపోట్ల తేడా పౌర్ణమికి, అమావాస్యకి కూడా మీటరు ప్రాంతంలోనే ఉంటుంది. 2015, 2023 వరదల రోజుల్లో ఆ తేడా ఇంకా తగ్గుతూ ఉంది. నీళ్ళు నిలవడంలో సముద్రం పాత్ర నిజమే. కానీ అందులో చంద్రుడి వాటా కంటే కాలాన్ని బట్టి పెరిగే సముద్రమట్టం, గాలి, వాయుపీడనం, అలలు, నదీ ముఖాల్లో పేరుకునే ఇసుకల వాటాయే ఎక్కువ.

నవంబరు, డిసెంబరు నెలల్లో వేళచ్చేరి, పళ్ళికరణై వైపు నీళ్ళు నిలిస్తే చాలు, అక్కడి తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తప్పకుండా తిరుగుతుంది: "సముద్రం పోటు మీద ఉందట, అందుకే నీళ్ళు పోవడం లేదట." టీవీ చర్చల్లోనూ ఇదే వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. నది సముద్రంలో కలవాలి, సముద్రం ఎత్తుగా ఉంది, కాబట్టి నది ఆగింది. అయితే తిథులు చూస్తే లెక్క కుదరదు.

మిచాంగ్ తుఫాను చెన్నైని ముంచింది 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో. కార్తీక పౌర్ణమి అప్పటికే వారం వెనకబడింది. 4వ తేదీ బహుళ సప్తమి. 2015 డిసెంబరు 1న అడయారు నది పొంగినప్పుడు కూడా పౌర్ణమి దాటి ఐదారు రోజులైంది. రెండు సందర్భాల్లోనూ ఆటుపోట్లు రోజురోజుకీ చిన్నబడుతున్నాయి. మరి సముద్రం నీళ్ళను తీసుకోలేదన్న మాట అబద్ధమా అంటే అదీ కాదు. తీసుకోలేదు, కానీ కారణం వేరే.

అసలు పోటు ఎంత?

చెన్నైలో పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటుకీ పాటుకీ (నీరు తీసిన వేళకీ) మధ్య తేడా సుమారు ఒక మీటరు. అష్టమి దాటిన రోజుల్లో అది 40 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఇదే తేడా విశాఖపట్నంలో మీటరున్నర దాకా వెళ్తుంది. హుగ్లీ నది సముద్రంలో కలిసే సాగర్ ద్వీపం దగ్గర ఐదు మీటర్లు. పశ్చిమ తీరంలో ముంబైలో నాలుగైదు మీటర్లు, గుజరాత్‌లోని ఖంబాత్ సింధుశాఖలో పది మీటర్లు దాటుతుంది. అక్కడ పడవలు పాటు వేళ బురదలో కూర్చుంటాయి. మెరీనాలో అదే వేళ ఇసుక మీద తడి గీత కొద్ది దూరం కిందికి జరుగుతుంది, అంతే.

చంద్రుడు అందరికీ ఒక్కడే అయినా ఇంత తేడా రావడానికి కారణం సముద్రగర్భం ఆకారం. ఆటుపోట్లంటే నీరు ఉన్నచోటే పైకి లేచి దిగడం కాదు. హిందూ మహాసముద్రం నుంచి బంగాళాఖాతంలోకి దక్షిణం వైపు నుంచి ప్రవేశించే చాలా పొడవాటి అల అది. లోతైన నీటిలో దాని ఎత్తు తక్కువ. తీరం ఇరుకై, అడుగు లోతు తగ్గే కొద్దీ అదే నీరు చిన్న చోట సర్దుకోవాలి కాబట్టి ఎత్తు పెరుగుతుంది. గరాటు ఆకారంలో ఉండే ఖంబాత్‌లో, బంగాళాఖాతం కొసన ఉన్న బెంగాల్ తీరంలో జరిగేది ఇదే. చెన్నై దగ్గర తీరం దాదాపు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. తీరానికి ఆనుకుని ఉన్న లోతు తక్కువ ప్రాంతం కూడా ఇరుకు. అల పెరగడానికి చోటు లేదు.

చంద్రుడి లాగుడు భూమికి అటువైపు ఒక తీరుగా, ఇటువైపు ఒక తీరుగా ఉండటమే ఆటుపోట్లకు మూలం. దగ్గరి వైపు నీటిని భూమి కంటే కాస్త ఎక్కువగా, దూరపు వైపు నీటిని కాస్త తక్కువగా లాగుతాడు. అందుకే రెండు వైపులా ఉబ్బు, రోజుకు రెండు పోట్లు. సూర్యుడూ ఇదే పని చేస్తాడు. సూర్యుడి ద్రవ్యరాశి చంద్రుడి కంటే దాదాపు 2.7 కోట్ల రెట్లు. అయినా ఇక్కడ గెలుపు చంద్రుడిదే. ఎందుకంటే ఈ బలం దూరం రెట్టింపైతే సగానికి కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సూర్యుడు చంద్రుడి కంటే 390 రెట్లు దూరంలో ఉన్నాడు. ఆ లెక్కన సూర్యుడి ప్రభావం చంద్రుడిలో సగం కంటే కొంచెం తక్కువ. పౌర్ణమికి, అమావాస్యకి ఇద్దరి బలాలూ కలుస్తాయి. అష్టమికి ఒకరిది ఇంకొకరిని తగ్గిస్తుంది. సముద్రం దీనికి వెంటనే స్పందించదు కాబట్టి అతి పెద్ద పోటు, అతి చిన్న పోటు తిథి దాటిన ఒకటి రెండు రోజులకు వస్తాయి.

సూపర్‌మూన్ వార్తలు వచ్చినప్పుడల్లా సముద్రం ముందుకు వస్తుందేమోనన్న టెన్షన్ మొదలవుతుంది. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. బాగా దగ్గరికి వచ్చినప్పుడు అది 3,56,500 దాకా తగ్గుతుంది. ముంబై లాంటి చోట దీని తేడా తెలుస్తుంది. చెన్నైలో మామూలు పౌర్ణమి పోటు మీద అదనంగా చేరేది బెత్తెడు నీరు.

గోడ మీది క్యాలెండరే పోటు పట్టిక

పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు కాస్త ముందుకు జరుగుతాడు కాబట్టి పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పదిహేను రోజులకు తిరిగి అదే వేళకు వస్తుంది. అందువల్ల ఏ రేవులోనైనా ఫలానా తిథికి పోటు ఫలానా వేళకు వస్తుందని స్థూలంగా చెప్పవచ్చు. చెన్నైలో పౌర్ణమికి, అమావాస్యకి అది ఉదయం, రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతం. అష్టమికి మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక రెండు, మూడు గంటల వేళ.

దీన్ని కళ్ళారా చూడాలంటే బీసెంట్ నగర్ పక్కన అడయారు ముఖం దగ్గరున్న విరిగిన వంతెన అనువైన చోటు. నదీ ముఖం తెరిచి ఉంటే, పౌర్ణమి సాయంత్రం ఆరు గంటలకు నీరు పడమటికి, అంటే ఊరి వైపుకు వెళ్తూ కనిపిస్తుంది. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బోండాలు వచ్చిన దారినే తిరిగి ఊళ్ళోకి బయలుదేరతాయి. అదే చోట అష్టమి సాయంత్రం ఆరింటికి అవే కవర్లు సముద్రం వైపు పోతుంటాయి. నది ఎప్పుడూ సముద్రంలోకే పోతుందన్న పాఠం ఇక్కడ రోజులో సగం సేపే నిజం.

కచ్చితమైన వేళలు కావలసినవాళ్ళకు సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చు వేసే పట్టికలున్నాయి. అయితే ఆ పట్టికలు చెప్పేది సూర్యచంద్రుల లెక్క మాత్రమే. ఆ రోజు గాలి ఎటు వీస్తుందో, పీడనం ఎంతో వాటికి తెలియదు. చెన్నైలో ముంపు లెక్క తప్పేది ఇక్కడే.

పట్టికలో లేని నీరు

మొదటిది కాలం. చెన్నై దగ్గర సముద్రమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి ప్రాంతంలో తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. రెండింటి మధ్య తేడా దాదాపు అడుగు. దీనికి చంద్రుడితో పని లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా తూర్పు తీరం వెంట సముద్ర ప్రవాహం ఉత్తరానికి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు తన కుడివైపుకు ఒరుగుతుంది. ఉత్తరానికి పోయేటప్పుడు కుడివైపు నడిసముద్రం, దక్షిణానికి పోయేటప్పుడు కుడివైపు తీరం. అందుకే ఈశాన్య రుతుపవనాల రోజుల్లో నీరు ఒడ్డుకు ఒత్తుకుని ఉంటుంది. గంగ, గోదావరి, కృష్ణల నుంచి వచ్చిన తేలికపాటి మంచినీరు కూడా ఈ ప్రవాహంతోనే చెన్నై ముందు నుంచి దక్షిణానికి సాగుతుంది. రాజమండ్రి దాటిన వరద నీటిలో కొంత కొన్ని వారాల తర్వాత మెరీనా ఎదుట నుంచి పోతుందన్నమాట.

చెన్నైకి వానలు ఎక్కువగా పడేదీ సరిగ్గా ఈ నెలల్లోనే. అంటే నగరం నీళ్ళు వదలాల్సిన కాలంలోనే సముద్రం ఏడాదిలోకెల్లా ఎత్తుగా ఉంటుంది.

రెండోది వాయుపీడనం. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు లేస్తుంది. తుఫాను దగ్గర 20 మిల్లీబార్లు తగ్గితే జానెడు నీరు అక్కడికక్కడే పెరిగినట్టు. మూడోది గాలి. తుఫాను చెన్నైకి తూర్పున ఉన్నప్పుడు నగరం మీద ఉత్తరపు గాలి వీస్తుంది. అది ఒడ్డుకు ఎదురుగా వీచే గాలి కాదు, తీరం వెంట వీచేది. అయినా పైన చెప్పిన భూభ్రమణ సూత్రం ప్రకారమే నీటిని కుడివైపుకు, అంటే ఒడ్డుకే తోస్తుంది. నాలుగోది అలలు. పెద్ద అలలు ఎడతెరిపి లేకుండా విరుగుతుంటే ఆ నీరంతా ఒడ్డు దగ్గర పోగుపడి మట్టాన్ని ఇంకొంచెం పెంచుతుంది.

మిచాంగ్ చెన్నైకి దగ్గరగా, నెమ్మదిగా కదిలి డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. చెన్నైకి సంబంధించినంత వరకు అసలు సమస్య ఆ నెమ్మదే. పోటు ఎంత పెద్దదైనా ఆరు గంటల్లో తీస్తుంది. రోజుకు రెండుసార్లు తలుపు తెరుచుకున్నట్టే. గాలి, పీడనం, అలలు పెంచిన నీరు తుఫాను వెళ్ళేదాకా దిగదు. ఆ తలుపు ఒకటి రెండు రోజుల పాటు ఓరగా వేసే ఉంటుంది.

ఇక్కడ తరచూ మరిచిపోయే విషయం ఇంకొకటుంది. అష్టమి రోజుల్లో పోటు చిన్నది కాబట్టి మంచిదే అనిపిస్తుంది. కానీ పోటు చిన్నదైతే పాటు కూడా చిన్నదే. పౌర్ణమి పాటు వేళ సముద్రం సగటు మట్టం కంటే దాదాపు అర మీటరు కిందికి దిగుతుంది, ఆ కొన్ని గంటల్లో కాలువలు జోరుగా పారతాయి. అష్టమికి ఆ దిగుడు 20 సెంటీమీటర్లే. తుఫాను తెచ్చిన ఎత్తు దాన్ని పూర్తిగా మింగేస్తుంది.

2015 సంగతి కొంచెం వేరు. ఆ రోజు తాంబరంలో 24 గంటల్లో దాదాపు 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. మిగతా చెరువుల నీరూ దానికి తోడైంది. అడయారు ఒడ్డున ఇళ్ళు మునిగింది ప్రధానంగా నది తన కొలతకు మించి పారడం వల్లే. సముద్రానికి కిలోమీటర్ల దూరంలో, చాలా మీటర్ల ఎత్తులో ఉన్న కాలనీలు మునిగితే దానికి పోటును అనడం న్యాయం కాదు.

చదునైన దక్షిణ చెన్నై

పోటు మాట నిజంగా వర్తించే చోటు ఐటీ కారిడార్. వేళచ్చేరి, పెరుంగుడి, షోలింగనల్లూరు వైపు నీరంతా పళ్ళికరణై చిత్తడినేలలోకి చేరుతుంది. అక్కడి నుంచి ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి, దక్షిణానికి ప్రయాణించి, ముట్టుకాడు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎదురుగా కనిపించే సముద్రంలోకి తిన్నగా పోయే దారి లేదు. ఇసుక దిబ్బల మీద వెలసిన ఈస్ట్ కోస్ట్ రోడ్డు వైపు నేల ఎత్తు, మధ్యలో పల్లం.

దారి పొడవు, వాలు మాత్రం అతి తక్కువ. ఇలాంటి కాలువకు అవతలి కొసన అడుగు నీరు పెరిగినా లెక్కే. వాలు బాగా ఉన్న నదిలో ఆ అడుగు ప్రభావం ముఖం దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ అది కాలువ వెంట చాలా దూరం వెనక్కి పాకుతుంది. కాకినాడ వైపు నుంచి కృష్ణా డెల్టా మీదుగా, నెల్లూరు జిల్లా దాటి మరక్కాణం దాకా పడవలు నడవడానికి తవ్విన కాలువ ఇది. వాలు లేకపోవడమే అప్పట్లో దాని గుణం. వరద నీటి కాలువగా వాడుకుంటున్న ఇప్పుడు అదే దాని లోపం.

ఇసుక వేసే తలుపు గడియ

చిన్న పోటు వల్ల చెన్నైకి జరిగే అసలు నష్టం ఇంకో రూపంలో ఉంది. పోటుకు లోపలికి వచ్చిన నీరు పాటుకు వేగంగా బయటికి పోతూ నదీ ముఖంలోని ఇసుకను ఊడ్చేయాలి. హుగ్లీ ముఖాన్ని అలా తెరిచి ఉంచడంలో ఐదు మీటర్ల ఆటుపోట్లకు పెద్ద పాత్ర ఉంది. మీటరు తేడాతో అడయారు, కూవం నదుల్లోకి వచ్చిపోయే నీరు ఎంత? ఆ పని దానివల్ల కాదు. వేసవిలో నది కూడా పారదు. దాంతో అలలు తెచ్చే ఇసుకదే పైచేయి. ముఖానికి అడ్డంగా దిబ్బ కడుతుంది. ఏటా వానలకు ముందు పొక్లెయిన్లు దిగి ఆ దిబ్బను తవ్వడం చూస్తూనే ఉంటాం.

ఈ ఇసుక ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే చెన్నై తీరం కథ సగం తెలిసినట్టే. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఆగ్నేయం నుంచి తీరానికి ఏటవాలుగా తగులుతాయి. ప్రతి అలా ఇసుకను కాస్త ఉత్తరానికి జరుపుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో దిశ మారి దక్షిణానికి పోతుంది. కూడికలు తీసివేతలు పోగా నికరంగా ఇసుక ప్రయాణం ఉత్తరానికే. 1870ల్లో మద్రాసు రేవు గోడలు కట్టడం మొదలుపెట్టాక ఆ ప్రయాణానికి అడ్డు పడింది. గోడకు దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా వెడల్పయింది. అంతకుముందు సముద్రం సెయింట్ జార్జ్ కోట గోడలకు చాలా దగ్గరగా ఉండేది. ఉత్తరాన రాయపురం నుంచి ఎన్నూరు దాకా రావలసిన ఇసుక రాక ఒడ్డు కోసుకుపోయింది. ఇప్పుడక్కడ బీచ్‌కు బదులు రాళ్ళ కట్ట కనిపిస్తుంది. కాశిమేడు దాటాక అలలు ఆ రాళ్ళ మీద విరిగి రోడ్డు మీదికి చింది పడితే "పోటు పెరిగింది" అంటారు. పోటు అంతే ఉంది, మధ్యలో ఉండాల్సిన ఇసుక పోయింది.

పులికాట్ సరస్సుకూ ఇదే బాధ. ఆంధ్ర, తమిళనాడు రెండింటిలోనూ పరుచుకున్న ఆ సరస్సు ముఖం పూడితే ఉప్పు తగ్గి పెరుగుతూ ఉంటుంది, చేపలు, రొయ్యలు లోపలికి రావు. అక్కడి జాలరులకు పోటు అంటే భయం కాదు, సరస్సుకు ఊపిరి.

ఉప్పెన, సునామీ, పోటు

ఈ మూడింటినీ కలిపేయడం వల్ల కూడా గందరగోళం పెరుగుతోంది. ఉప్పెన తుఫాను గాలి ఒడ్డుకు తోసే నీరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఐదు మీటర్ల ఎత్తున వచ్చింది. అప్పటికి అమావాస్య దాటి ఎనిమిది రోజులు, అంటే ఆటుపోట్లు బాగా చిన్నగా ఉండే వేళ. కృష్ణా డెల్టా ఎదుట సముద్రం లోతు తక్కువ కాబట్టి గాలి తోసిన నీరు అంత ఎత్తు లేవగలిగింది. చెన్నై ఎదుట లోతు త్వరగా పెరుగుతుంది కాబట్టి అదే బలమున్న తుఫాను ఇక్కడ అంత ఉప్పెన లేపలేదు.

సునామీ సంగతి దీనికి తిరగబడినట్టు ఉంటుంది. 2004 డిసెంబరు 26 పౌర్ణమి. దాంతో చంద్రుడి వల్లే సునామీ వచ్చిందన్న ప్రచారం చాలాకాలం నడిచింది. ఆ రోజు ఉదయం 6:29కి సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూకంపం వచ్చింది. తొమ్మిది దాటగానే అలలు చెన్నైని తాకాయి. అది నేల కదలడం వల్ల పుట్టిన అల. పౌర్ణమి అయినా, అష్టమి అయినా వచ్చేదే.

వీటికి తోడు గాలీ వానా లేని రోజున ఒడ్డును ముంచే దూరపు అలలున్నాయి. కేరళలో వీటిని కళ్ళక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని అర్థం. దక్షిణ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు నడిచి వస్తాయి. చెన్నైకి శ్రీలంక కొంత అడ్డు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వీటి గురించి, తుఫాను ఉప్పెనల గురించి, సునామీల గురించి వేర్వేరు హెచ్చరికలు ఇస్తుంది. ఆ హెచ్చరిక ఏ పేరుతో వచ్చిందో చూడకుండా అన్నిటినీ "హై టైడ్" అని ఫార్వర్డ్ చేస్తే ఎంతసేపు జాగ్రత్తగా ఉండాలో తెలియకుండా పోతుంది. పోటైతే గంటల లెక్క. ఉప్పెనైతే తుఫాను దాటేదాకా. దూరపు అలలైతే ఒకటి రెండు రోజులు.

మెల్లగా పెరిగే అంకె

ప్రపంచవ్యాప్తంగా సగటు సముద్రమట్టం ఇప్పుడు ఏటా మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. ఖంబాత్ పది మీటర్ల పక్కన అది కనిపించదు. అష్టమి నాటి తేడా 40 సెంటీమీటర్లే ఉన్న చెన్నైలో దాని బరువు వేరు. ముప్ఫై ఏళ్ళకు చేరే పది సెంటీమీటర్లంటే ఆ తేడాలో నాలుగో వంతు. ముట్టుకాడు దగ్గర బకింగ్‌హామ్ కాలువ నీళ్ళు వదలడానికి దొరికే కొద్ది గంటల్లోంచి ఆ మేరకు కోత పడుతుంది. అది పౌర్ణమికీ అష్టమికీ కూడా, ప్రతి పాటుకూ పడే కోత.